మొదటి దొప్ప

రాజు వస్తున్నాడన్న కబురు ఉసిరికగుంపుకు మోసుకొచ్చింది రవీందరే. ఇంకెవరు మోసుకొస్తారు? కొత్తగూడెంలో గని కంపెనీవాళ్ల ఆఫీసులో ఉద్యోగం దొరికినప్పటి నుంచి వాడికి ఊరి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వాడి బండి చప్పుడు వినపడగానే కన్నమ్మ చేతిలో పని పక్కన పెట్టి, "అగో, దిగిండు కంపెనీ దొర" అని మూతి తిప్పేది. తిప్పదా మరి! పరాయివాడైతే తిట్టి పంపేది. మొగుడు గోపాలుకు సొంత మేనల్లుడాయె. తిట్టాలన్నా అన్నం పెట్టి తిట్టాలి.

గోపాలు ఆ ఊరికి పెద్ద. వాళ్ల నాన్న పెద్ద, తాత పెద్ద. చండ్రుగొండ దాటి అడవిలోకి పోతే వస్తుంది ఉసిరికగుంపు. అన్నీ కోయ ఇళ్లే. ఇళ్ల వెనక వేల్పుగట్టు, గట్టు మీద ఊరి వేల్పు. ఆ గట్టు నిండా ఇనుపరాయి ఉందని కంపెనీ కనిపెట్టింది. గట్టు తవ్వితే ఊరు మిగలదు కాబట్టి ఊరినే ఎత్తి తారురోడ్డు పక్కన కాలనీలో పెడతామన్నారు. ఊరు వద్దంది.

వద్దన్న మాట గాలికి అనలేదు. ఊళ్లోకి వచ్చే బండ్లబాటకు అడ్డంగా ముళ్లకంప వేసి, నడుమ గుంజ పాతి, వేల్పు పేరు చెప్పి గుంజకు ఎర్రగుడ్డ ముడి వేశారు. మనుషులు పక్కనుంచి నడిచి రావచ్చు, చక్రం మాత్రం దాటకూడదు. ఆ ముడి వేసేదీ విప్పేదీ ఊరిపెద్ద చెయ్యే. ఒకసారి విప్పితే మళ్లీ కొత్త పంట వేల్పుకు పెట్టే కొత్తల పండుగ దాకా వేయడానికి లేదు. వేసినా అది గుడ్డ అవుతుంది గానీ ముడి అవదు. సర్వే మిషన్లు ఎన్నిసార్లు వచ్చాయో అన్నిసార్లూ ముడి ముందు ఆగిపోయాయి. కోసేస్తే గొడవవుతుందని, ఊరు ఒప్పుకోలేదని పేపర్లకు ఎక్కుతుందని ఆఫీసర్లకు భయం. రవీందర్ కూడా బండి కంప బయటే ఆపి నడిచి రావాల్సిందే.

ఆ రోజూ అలాగే నడిచి వచ్చాడు. "మామా, మన ఊరికి రాజు వస్తుండు. ఉత్తుత్త రాజు గాదు. ఆఫ్రికాల పడమటి దిక్కు సముద్రం ఒడ్డున ఒక దేశముంది. ఆడ అడవిల ఊర్లకు రాజు. ఇప్పుడు ఆ దేశం తరఫున ఢిల్లీల రాయబారి."

ఆ దేశం పేరు కూడా చెప్పాడు. గోపాలుకు నోరు తిరగలేదు. మనకూ దాంతో పని లేదు.

"రాజంటే? మన లెక్క పెద్దనా?" అన్నాడు గోపాలు.

"అవ్ మామా. పంచాయితీ జెప్పుతడు, పండుగ మొదలువెడ్తడు. వాళ్లు నానా అని పిలుస్తరు. అడవి మనుషులంటే పాణం ఆయనకు. నువ్వొక్కసారి మాట్లాడితె, ఆయన ఢిల్లీల నోరు తెరిస్తె... ఇగ నువ్వే సమజ్ చేసుకో."

గోపాలు కళ్లు మెరిశాయి. పాపం, ఆయన బాధ ఆయనది. గట్టు గురించి చెప్పుకోవడానికి ఎన్ని ఆఫీసుల వరండాల్లో కూర్చున్నాడో! ప్రతిచోటా "ఏందయ్యా, ఏం గావాలె" అన్నవాళ్లే గానీ, కూర్చోమని అన్నవాడు లేడు. పెద్ద మాట పెద్దకే తెలుస్తుందని ఆయన నమ్మకం. తనలాంటి పెద్ద ఇన్నాళ్లకు ఒకడు దొరికాడు.

కన్నమ్మ మాత్రం అన్నం కుండ మీద మూత పెడుతూ ఒక మాట అడిగింది. "రాజైతే వాళ్ల ఊరు ఇడిసిపెట్టి ఢిల్లీల ఏం జేస్తుండు? ఆయన పీట మీద ఆడ ఎవలు కూసున్నరు?"

"నీకేం ఎరుకనే," అన్నాడు గోపాలు.

ఆ ఒక్క ప్రశ్న ఆయన అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అడగలేదు. పెళ్లాం అడిగింది కాబట్టి అసలే అడగలేదు.

నానా వచ్చిన రోజు కార్లన్నీ కంప బయట ఆగాయి. ఆఫీసర్లు, కంపెనీ సార్లు, కెమెరాలవాళ్లు చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చారు. కొమ్ముల ఆట ఆడాలని ముందే ఆర్డరు. పెళ్లి లేదు, పండుగ లేదు, ఊరికే కొమ్ములు కట్టుకుని ఎగరమంటే ఎవరికి మాత్రం మనసొస్తుంది? ఆడినవాళ్లు లోపల తిట్టుకుంటూ ఆడారు. కెమెరాలవాళ్లకు అది సంబరంలా కనపడింది.

అందరి వెనక నెమ్మదిగా నడిచి వచ్చాడు నానా. ముసలివాడు. భారీ మనిషి. రంగురంగుల మందపాటి బట్టను ఒంటి చుట్టూ తిప్పి ఒక భుజం మీద వేసుకున్నాడు. మోకాలు నొప్పేమో, కర్ర మీద భారం వేసి అడుగు తీస్తున్నాడు. కంపెనీ సార్లు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తే, దాన్ని పక్కకు జరిపి గోపాలు కూర్చున్న మంచం మీదే కూర్చున్నాడు. అంతే, గోపాలు అక్కడే పడిపోయాడు.

ఇద్దరి నడుమ రవీందర్ నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాడు. నానా దేశంలో కూడా కొత్త పంట ముందు వేల్పుకు పెట్టనిదే ఎవరూ నోట పెట్టరట. నానా డప్పు మోగితే ఊరంతా చేరేదట. నానా జనంతో నేరుగా మాట్లాడేవాడు కాదట. పక్కన పొడుగు కర్ర పట్టుకుని ఒక మనిషి ఉండేవాడట. నానా నెమ్మదిగా అతని చెవిన వేస్తే, అతను దాన్ని నలుగురిలో చెప్పేవాడట. రాజు నోట తప్పు మాట రాకూడదని ఆ ఏర్పాటు.

"మంచిగుంది," అన్నాడు గోపాలు, పులకించిపోయి. "మాకు ఆ మనిషి లేకనే ఖరాబైనం."

నానా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

గట్టు ఎక్కేటప్పుడు వేల్పు రాయికి ఇవతల అందరూ చెప్పులు విడవాలి. నానా కాళ్లకు బంగారు రంగు పూలు కుట్టిన వెడల్పాటి చెప్పులు ఉన్నాయి. "మీరు విప్పక్కర్లేదు సర్" అని కంపెనీ సారు పరిగెత్తుకొచ్చాడు. నానా ఒక్క క్షణం నేల వైపు చూసి, చెప్పులు విడిచి ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. గోపాలు గుండె నిండిపోయింది. ఇంత పెద్దమనిషి తన వేల్పు ముందు మట్టిలో నిలబడ్డాడు!

వేల్పు పూజారి వీరన్న మోదుగాకు దొప్పలో ఇప్పసారా పోసి ఇచ్చాడు. ఉసిరికగుంపులో మొదటి దొప్ప ఊరిపెద్దది. ఆయన అందులోంచి కాస్త నేలకు పోసి, ఊళ్లో చచ్చిపోయిన పెద్దల పేర్లు పిలిచి, మిగిలింది తాగుతాడు. తర్వాతే ఊరు తాగుతుంది. ఆ రోజు గోపాలు తన దొప్పను రెండు చేతులా నానాకు అందించాడు. ఊరంతా మెడలు చాచి చూసింది. కొత్తవాడికి ఏం తెలుస్తుంది, గటగటా తాగేస్తాడనుకున్నారు.

నానా తాగలేదు. వంగి, దొప్ప వంచి, సన్నని ధారగా నేలకు పోస్తూ తన భాషలో ఒక్కొక్క పేరే పిలవడం మొదలుపెట్టాడు. పిలిచి, ఆగి, మళ్లీ పిలిచి. చివరి పేరు దగ్గర గొంతు బాగా తగ్గిపోయింది.

"ఏందిరా అది?" అన్నాడు గోపాలు రవీందర్ చెవిలో.

"వాళ్ల తాతల పేర్లు మామా. ఆఖర్ది మాత్రం ఆయన పేరే."

ఎవరో ముసలమ్మ ఏడ్చేసింది. మనవాడే, మనవాడే అని గుసగుసలు. ఆ వేల్పు ముందు మొదటి దొప్ప నేలకు పోసినవాడు ఊరికి కట్టుబడ్డట్టే. ఊరికి ఆపద వస్తే ముందుకొచ్చి నిలబడాలి. తన పేరు కూడా చెప్పుకున్నాడంటే ప్రాణమే పందెం పెట్టాడని గోపాలు అనుకున్నాడు. అనుకోడా మరి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన చూసిన ఒట్టు అదే.

"మా గట్టు సంగతి ఢిల్లీల జెప్పు నానా," అన్నాడు. ఇన్నేళ్లూ ఎవరి ముందూ జోడించని చేతులు జోడించాడు. కెమెరాలు టకటకలాడాయి.

నానా ఆయన చేతులు పట్టుకుని ఏదో అన్నాడు. "విన్ననంటుండు మామా. మర్చిపోనంటుండు," అన్నాడు రవీందర్.

దిగేటప్పుడు నానా మోకాలు మొరాయించింది. గట్టు కింద రాయి మీద కూర్చుండిపోయాడు. రవీందర్ మెల్లగా గోపాలు పక్కకు చేరాడు. "మామా, కంప దాకా ఆయన నడ్వలేడు. కారు రానియ్యరాదే. ఇప్పుడాయన మనోడే గద."

నిజమే కదా! మొదటి దొప్ప పోసినవాడిని కంప బయటకు కుంటుకుంటూ నడిపిస్తే వేల్పు ఊరుకుంటుందా? గోపాలు గబగబా బాట మీదికి నడిచాడు. వీరన్న వెనకే పరిగెత్తాడు. "పెద్దాయనా, ఆగు. మంచం మీద మోసుకపోదం. ముడి ఇప్పకు. పండుగ దాక మల్ల వెయ్యరాదు."

"మనోన్ని మోసుడేందిరా, పీనుగా?" అని కసిరాడు గోపాలు. కసిరి, ఎర్రగుడ్డ ముడి విప్పేశాడు.

కంప పక్కకు లాగారు, కారు వచ్చింది, నానా ఎక్కాడు, అద్దంలోంచి చెయ్యి ఊపాడు. ఊరు ఊరంతా చెయ్యి ఊపింది. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాటికల్లా మిషన్లు దిగాయి. గుంజ దగ్గర ఆగలేదు. ఆడవాళ్లు చీపుర్లు, బరిసెలు పట్టుకుని అడ్డం పోతే, వెంట వచ్చిన సారు ఎంతో మర్యాదగా అన్నాడు, "మీ పెద్ద తన చేత్తో తీసిండమ్మా. మేం తియ్యలే." చీపుర్లు కిందికి దిగాయి. గట్టుకు రంధ్రాలు వేసి, రాళ్లు సంచుల్లో కట్టుకుని పోయారు.

గోపాలు మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "తవ్వుకోనియ్యిరా. ఢిల్లీల మనోడున్నడు" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. కన్నమ్మకు చెప్పబోతే ఆమె లేచి బయటికి పోయింది.

తర్వాత ప్రజాభిప్రాయం అడుగుతామని షామియానా వేశారు. పెద్ద తెర కట్టారు. తెర మీద ఏం కనపడిందనుకున్నారు? వేల్పు రాయి ముందు నానా వంగి నేలకు పోస్తున్నాడు, పక్కనే గోపాలు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. మైకులో కంపెనీ సారు చదివాడు: "ఉసిరికగుంపు పెద్ద, విదేశీ రాజు కలిసి గనికి భూమిపూజ చేసిన శుభ సందర్భం."

"అది భూమిపూజ గాదు సారూ!" గోపాలు లేచి అరిచాడు. "అది ఒట్టు! మా ఊరికి ఒట్టువెట్టిండు ఆయన!"

ఆఫీసరు చిరునవ్వు నవ్వాడు. "కూసో పెద్దాయనా, కూసో. నీ సంతోషం మాకర్థమైంది."

ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి ఒక ఆఫీసరు ఆయన్ని కూర్చోమన్నాడు. గోపాలు వెనక్కి తిరిగి చూశాడు. ఊరు తెర వైపు చూడడం లేదు, ఆయన వైపు చూస్తోంది. వీరన్న ఒక్కడే తలవంచుకున్నాడు.

ఆ వారంలోనే గోపాలు రవీందర్ గల్లా పట్టుకున్నాడు. "నడు. నానా కాడికి తీస్కపో. తీస్కపోకపోతే నువ్వు నా చెల్లె కొడుకువు గాదు."

రవీందర్ ముఖం పాలిపోయి ఉంది. "నాకు గింత ఐతదని తెల్వది మామా. వేల్పు మీదొట్టు, తెల్వది." అబద్ధమో నిజమో వాడికే తెలియాలి. కానీ తీసుకుపోయాడు. నానా ఏదో మీటింగుకు హైదరాబాదు వచ్చి ఉన్నాడు. మేకుకు తగిలించి దాచుకున్న మంచి పంచె కట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, గోపాలు పెద్ద హోటల్లో అడుగుపెట్టాడు. కాళ్ల కింద మెత్తటి తివాచీ. నేల ఎక్కడా కనపడలేదు.

నానా ఒంటి మీద ఈసారి సూటు ఉంది. గోపాలును గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఆ మర్యాదకు లోటు లేదు.

"ఢిల్లీల చెప్పినవా?" గోపాలు నిలబడే అడిగాడు.

నానా తల అడ్డంగా ఊపాడు. మాట్లాడసాగాడు. రవీందర్ మొదట గట్టిగానే చెప్పాడు, పోనుపోను వాడి గొంతు సన్నబడింది.

"చెప్పరాదంట మామా. ఒక దేశపోడు ఇంకో దేశం ఇంటి ముచ్చట్ల నోరు వెట్టొద్దంట. వాళ్ల సర్కారు ఏం జెప్పమంటె గదే జెప్పాలంట. ఒకప్పుడు ఆయన మాట జెప్పెటందుకు కర్ర పట్టుకోని ఒక మనిషుండె. ఇప్పుడు ఆయనే ఇంకొకళ్లకు ఆ కర్ర మనిషి అయిండంట."

"మరి పోసినవ్ గదా! మా వేల్పు ముందట పోసినవ్ గదా!"

"ఎవలన్న తాగనిస్తె ముందుగాల నేలకు పోసుడు వాళ్ల మర్యాదంట. ఏ ఊరువోయినా పోస్తడంట. ఈ హోటల్ల తివాచీ ఉందని పోస్తలేడంట."

గోపాలు అయినా అడిగాడు. "ఉత్త మర్యాదకైతె ఆఖర్న నీ పేరెందుకు జెప్పుకున్నవ్?"

నానా కాళ్ల కింది తివాచీ వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఈ కంపెనీకే ఆయన అడవిలోనూ గని ఉంది. అక్కడికి కంపెనీని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఆయనే. బడి వస్తుంది, దవాఖానా వస్తుంది, రోడ్డు వస్తుందని జనానికి చెప్పాడు. నిజంగానే నమ్మి చెప్పాడు. తాగే ఏరు ఎర్రగా మారింది. అప్పుడు ఊరు చేరింది. వాళ్లలో రాజు పాదం ఉత్త నేలకు తగలకూడదు. తగిలిందా, ఇక రాజు కాడు. కర్ర పట్టుకునే మనిషే వంగి ఆయన చెప్పులు లాగేశాడు. అందరూ చూస్తుండగా పాదాలు మట్టిలో పెట్టించారు. ఆ తర్వాత ఆ ఊళ్లో నేలకు పోసినప్పుడల్లా చచ్చినవాళ్ల పేర్ల వరసలో ఆయన పేరూ పిలుస్తున్నారు. కంపెనీ సిఫారసు చేస్తే, సర్కారు జాలిపడి ఆయన్ని రాయబారిని చేసింది.

"ఊరు చచ్చిండన్నది, నేనెట్ల కాదంట అంటుండు మామా," అన్నాడు రవీందర్. వాడి కళ్లలో నీళ్లు.

"కంపెనోళ్లు నిన్ను మా ఊరికి ఎందుకు తోల్కొచ్చిన్రో నీకెరుకనా?"

గోపాలు అడిగిన ఆ మాటను రవీందర్ నానాకు చెప్పాడు. నానా తలూపాడు. ఎరుకే. ఎరుకుండే వచ్చాడు. తర్వాత మెల్లగా ఇంకో మాట కూడా అన్నాడు, దాన్నీ రవీందరే చెప్పాడు. "రేపు నీకు కూడ కొలువిస్తమని వస్తరంట. తీస్కొమ్మంటుండు. తీస్కోకపోయినా ఊరు నిన్ను మల్ల రానియ్యదంట."

"థూ!" అన్నాడు గోపాలు. ఆ మెత్తటి తివాచీ మీదే ఉమ్మి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఊరికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దాచలేదు, తన తప్పు తగ్గించలేదు. నలుగురూ నాలుగు తిడతారని, కొడితే కొడతారని ఎదురుచూశాడు. ఒక్కరూ మాట అనలేదు. విని, లేచి, ఎవరి ఇంటికి వాళ్లు పోయారు.

"తిడ్తలేరేందే?" అన్నాడు కన్నమ్మతో.

"తిట్టాల్నంటె మనిషి మీద ఆశ ఉండాలె," అంది ఆమె. కంచంలో అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

నానా చెప్పినట్టే కంపెనీ కారు వచ్చింది. రవీందర్ దిగాడు, చేతిలో కోటు ఉంది. ఇలాంటి గుంపులు ఇంకా ఉన్నాయట, వాటి పెద్దలతో మాట్లాడడానికి కంపెనీకి ఒక పెద్ద కావాలట. "మామా, పెద్ద జీపిస్తరు..." అని వాడు మొదలుపెట్టేసరికి కన్నమ్మ చీపురు అందుకుంది. ఆమె లేవకముందే గోపాలు కోటు లాక్కుని బురదలోకి విసిరేశాడు. ఇన్ని నెలల్లో ఆయన చేసిన పనుల్లో కన్నమ్మకు నచ్చింది అదొక్కటే. ఊరికి కూడా తెలిసే ఉంటుంది. తెలిసినా ఏమీ మారలేదు.

కొత్తల పండుగ వచ్చింది. గట్టు మీద అదే ఆఖరి పండుగ. పండుగ కాగానే కాలనీకి పొమ్మని కబురొచ్చింది. కొత్త వడ్లు దంచి, కోళ్లు కోసి, ఊరంతా వేల్పు రాయి చుట్టూ చేరింది. గోపాలు స్నానం చేసి, తలపాగా చుట్టుకుని ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు. పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. కన్నమ్మ దూరంగా ఆడవాళ్లలో నిలబడింది.

వీరన్న మోదుగాకు దొప్ప నింపాడు. గోపాలు రెండు చేతులూ చాచాడు. చిన్నప్పుడు నాన్న చాచగా చూసిన చేతులు, ఇన్నేళ్లుగా తాను చాచిన చేతులు. వీరన్న ఆయన ముందుకు వచ్చి ఆగాడు. ఆయన ముఖంలోకి చూడలేదు. దొప్ప ఇవ్వలేదు. గోపాలు పాదాల ముందే వంగి, దొప్ప వంచి, సన్నగా నేలకు పోస్తూ చచ్చిపోయిన పెద్దల పేర్లు తనే పిలవసాగాడు. గోపాలు ముత్తాత పేరు పిలిచాడు. తాత పేరు పిలిచాడు. నాన్న పేరు పిలిచాడు. దొప్పలో ఆఖరి చుక్క మిగిలింది.

"గోపాలూ," అని పిలిచాడు వీరన్న.

"ఆఁ, ఈడనే ఉన్న," అన్నాడు గోపాలు, పిలిస్తే పలికే అలవాటు కొద్దీ.

ఎవరూ ఇటు తిరగలేదు. వీరన్న ఇంకో దొప్ప నింపడానికి కుండ దగ్గరికి పోయాడు.